ఆపిల్ తోటలో ఎర్రనల్లి

హిమాచల ప్రదేశపు కొండలలో ఫిబ్రవరి గడిచి మార్చి ప్రవేశించే వేళ ఆపిల్ చెట్టు చూడడానికి ఎండుకట్టె వలె ఉంటుంది. ఆకు లేదు, పూవు లేదు. ఆ వేళలో అనుభవజ్ఞుడైన తోట యజమాని ఒక చిన్న కొమ్మను కోసి, భూతద్దం క్రింద పెట్టి, మొగ్గల మొదళ్లలోని ముడుతలను పరిశీలిస్తాడు. అక్కడక్కడ కుంకుమ రాలినట్లు ఎర్రని పొడి కనిపిస్తుంది. అది పొడి కాదు, గ్రుడ్లు. ఒక్కొక్కటి చిన్న ఉల్లిగడ్డ ఆకారంలో, నెత్తిన వెండ్రుక వంటి సన్నని కాడతో ఉంటుంది. వెనుకటి వేసవి చివర ఎర్రనల్లి పెట్టిపోయిన గ్రుడ్లవి. మంచునూ చలినీ ఓర్చుకొని, చెట్టు చిగిర్చి పూమొగ్గ గులాబిరంగు తిరిగే రోజులకు సరిగా అవీ పగులుతవి. లేత ఆకుతోబాటే దానిని తినేదీ పుట్టి కూర్చుంటుందన్న మాట.

మన వాడుకలో నల్లి అనగానే మంచాల సందులలో దాగి నెత్తురు పీల్చే నల్లి స్ఫురిస్తుంది. పైరునల్లి వేరు. దానికి కాళ్లు ఆరు కాదు, ఎనిమిది. అది సాలీడుకు జ్ఞాతి. పూర్తిగా ఎదిగినప్పటికీ అరమిల్లీమీటరు పొడవుండదు. మిరప వేసేవారికి నల్లి జాతి పరిచయమైనదే. ఆపిల్ చెట్టును పట్టే ఎర్రనల్లి ఆకులోని పచ్చదనాన్ని పీల్చివేయగా ఆకు కంచురంగుకు తిరుగుతుంది. కాయ ఎదగదు, రంగు పట్టదు. అంతకంటె పెద్ద నష్టం మరొకటి కలదు. ఆపిల్ చెట్టు మరుసటి సంవత్సరపు పూమొగ్గను ఈ వేసవిలోనే కట్టుకొంటుంది. ఆకు చెడిన చెట్టుకు ఆ శక్తి ఉండదు. కనుక ఒక ఏటి నల్లి రెండు ఏండ్ల పంటను తినగలదు. ఒక్క ఋతువులో ఆరు, ఏడు తరాలు పెరుగగల ప్రాణికి మొదటి తరంలో వదలిపెట్టిన కొద్దిపాటి గ్రుడ్లు ఎంతవరకు పోతవో లెక్క వేసి చెప్పనక్కర లేదు.

మా కేంద్రానికి రైతు సోదరులు వ్రాసే ఉత్తరాలలో చాలా భాగం ఒకే ప్రశ్న ఉంటుంది: ఏ మందు కొట్టవలె? ఎప్పుడు కొట్టవలె అని అడిగేవారు తక్కువ. కొట్టినందువలన చేలో ఇంకెవరు చచ్చిపోతారు అని అడిగినవారు నాకు జ్ఞాపకం లేరు. నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాడను కాను; చరిత్ర విద్యార్థిని. ఆ కుతూహలంతోనే ఈ ఎర్రనల్లి పూర్వోత్తరాలను వెదకినప్పుడు నాకు ఆశ్చర్యం కలిగించిన సంగతి ఏమనగా, ఈ ప్రాణిని శాస్త్రజ్ఞులు 1836లోనే గుర్తించి పేరుపెట్టినారు. కాని ఆ తరువాత ఎనుబది, తొంబది సంవత్సరాల పాటు ఆపిల్ రైతుకు అది లెక్కలోనిది కాదు. తోటలో ఉన్నది, ఉన్నచోట ఉన్నది. అది శత్రువైనది ఇరువదవ శతాబ్దంలో. దానిని శత్రువుగా చేసినది, చాలా వరకు, మనమే.

కథ శీతకాలపు పిచికారీతో మొదలవుతుంది. ఆకులు రాలిన చెట్టుపై ఘాటైన మందు కొట్టవచ్చును, చెట్టుకు హాని లేదు, నిద్రపోయే పురుగు నిద్రలోనే చచ్చును అన్నది పాత ఆలోచన. 1880 ప్రాంతంలో అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ హోసే పట్టణ పరిసరాలలో ఒక పొలుసు పురుగు బయటపడినది. చైనా ప్రాంతాల నుండి మొక్కలతో పాటు వచ్చి ఉంటుందని తలచినారు. కొమ్మకు బూడిద పూసినట్లు అంటుకొని చెట్టును నిలువునా ఎండబెట్టే ఆ పురుగుపై, గొర్రెల గజ్జికి వాడే సున్నము, గంధకము కలిపి ఉడికించిన ద్రవాన్ని కొట్టి చూచినారు. పని చేసినది. పశువుల కొట్టం నుండి తోటకు వచ్చిన ఆ గంధక ద్రవం ఒక తరం పాటు ఆపిల్ రైతుకు పెద్ద దిక్కుగా నిలిచినది.

అయితే వాషింగ్టన్ రాష్ట్రంలో ఎ. ఎల్. మెలాండర్ అనే శాస్త్రజ్ఞునకు ఒక అనుమానం వచ్చినది. ఒక ఊరి తోటలలో ఈ ద్రవం కొట్టిన కొద్ది రోజులకే పొలుసు పురుగులన్నీ చచ్చుచుండగా, క్లార్క్‌స్టన్ అనే మరొక ఊరిలో అదే మందుకు, అదే మోతాదుకు కొన్ని చావక మిగులుతున్నవి. మందు కల్తీ కాదు, కొట్టినవాని చేతకానితనం కాదు. 1914లో ఆయన ఒక వ్యాసం ప్రకటించి, పురుగులు మందులకు అలవాటు పడగలవా అని ప్రశ్నించినాడు. మందులకు తట్టుకొనే శక్తి పురుగుకు వంశానుగతంగా రాగలదని లోకానికి మొదట చెప్పినది ఆ వ్యాసమే. అప్పటికి డి.డి.టి. పురుగుమందుగా వాడుకలోనికి రాలేదు. ప్రశ్న మాత్రం పుట్టినది. దానిని పట్టించుకొన్నవారు ఎందరు అంటే, అది వేరే ప్రసంగం.

ఇక ఎర్రనల్లి వద్దకు వస్తాము. ఇంగ్లండులో కెంట్ మండలం ఆపిల్ తోటలకు ప్రసిద్ధి. 1920 దశకం తొలి సంవత్సరాలలో అక్కడి రైతులు తారునూనెతో చేసిన శీతకాలపు మందును విరివిగా వాడనారంభించినారు. ఆ మందుకు పేనుబంక గ్రుడ్లు పూర్తిగా నశించేవి. పేనుబంక వలన చిగురాకులు ముడుచుకొని, కాయలు గిడసబారి, ఏటేటా నష్టపడిన రైతునకు అది వరప్రసాదమే. పైగా కొమ్మలపై పట్టిన పాచి, నాచు కూడ మాడిపోయి చెట్లు కడిగినట్లు శుభ్రంగా కనిపించేవి. తోట అంటే ఇట్లుండవలె అని మెచ్చుకొనేవారు.

ఆ శుభ్రతలోనే చిక్కు వచ్చినది. తారునూనె ఎర్రనల్లి గ్రుడ్డును చంపదు. కాని బెరడు పగుళ్లలోను, ఆ పాచిలోను తలదాచుకొని శీతకాలం గడిపే అనేక ఇతర ప్రాణులను చంపుతుంది. ఆ ప్రాణులలో నల్లులను తినే నల్లులు, నల్లులను తినే చిన్న నల్లులూ పురుగులూ ఉన్నవి. రెండు మూడేండ్లు గడిచేసరికి, తారునూనె కొట్టిన తోటలలో నడివేసవికి ఆకులు కంచురంగు తిరిగినవి. కొట్టని పాత తోటలలో, నిర్లక్ష్యంగా వదలిన తోటలలో ఆ జాడ లేదు. ఈస్ట్ మాలింగ్ పరిశోధన కేంద్రానికి చెందిన మాసీ, ఆయనతో స్టీర్ అను నాతడు 1929లో ఈ రెండింటికీ గల సంబంధాన్ని వ్రాసి ప్రకటించినారు. శ్రద్ధగల రైతు తోట చెడినది, సోమరి తోట నిలిచినది అన్న ఈ వింత, చదువరులకు కొంత నవ్వు తెప్పించినా, ఆనాటి కెంట్ రైతుకు నవ్వు వచ్చి ఉండదు.

అదే కాలంలో అట్లాంటిక్ ఆవలి ఒడ్డున వేరొక కష్టం నడచుచున్నది. కాయ తొలిచే చిమ్మట పురుగుపై అమెరికా రైతులు 1890ల నుండి సీసము, పాషాణము కలిసిన మందును కొట్టుచున్నారు. పురుగు తట్టుకొనేకొద్దీ మోతాదు పెంచినారు, సార్లు పెంచినారు. 1925, 26 సంవత్సరాలలో బ్రిటిషు అధికారులు అమెరికా నుండి వచ్చిన ఆపిల్ పండ్లపై పాషాణం మిగిలి ఉన్నదని పట్టుకొని దిగుమతులు ఆపివేస్తామని హెచ్చరించినారు. అప్పటి నుండి పండ్లను పలుచని ఆమ్లద్రవంలో కడిగి పెట్టెలకు ఎత్తడం ఆచారమయినది. పండు కడుగవచ్చును, నేలను కడుగలేము. ఆ తోటలను నరికి ఇండ్లు, పాఠశాలలు కట్టిన వాషింగ్టన్ రాష్ట్రపు పట్టణాలలో నేటికీ మట్టిలో ఆ సీసము, ఆ పాషాణము ఉన్నవి. పిల్లలు ఆడుకొనే స్థలాలలో పైమట్టి తీసివేసి కొత్త మట్టి పోయవలసి వచ్చినది.

ఈ పరిస్థితిలో డి.డి.టి. వచ్చినది. స్విట్జర్లాండులో పాల్ మ్యూలర్ 1939లో దాని శక్తిని కనుగొన్నాడు. 1948లో నోబెల్ బహుమానం పొందినాడు. యుద్ధం ముగిసిన వెంటనే అది తోటలకు చేరినది. కాయతొలుచు పురుగు ఒక్కసారిగా అణగిపోయినది. సీసపు మందు పీడ వదలినదని రైతు సంతోషించుటలో తప్పులేదు. ఇప్పుడు కూర్చొని ఆనాటివారిని నిందించడం సులభం. ఏటా మూడవ వంతు కాయ పురుగు పాలవుతుండగా చూచినవాడు, ఆ పురుగును చంపే పొడి చేతికి వస్తే కొట్టక ఏమి చేయును?

కాని డి.డి.టి. ఎర్రనల్లికి హాని చేయదు. దానిని తినే జీవులను మాత్రం తుడిచిపెట్టినది. కెంటులో తారునూనె కొంతవరకు చేసిన పనిని డి.డి.టి. ప్రపంచంలోని ఆపిల్ ప్రాంతాలన్నిటిలో సంపూర్ణంగా చేసినది. నల్లిని చంపే మందులు ప్రత్యేకంగా తయారు చేయవలసి వచ్చినది. ఒక్కొక్క మందు నాలుగైదు ఋతువులు పని చేయడం, పిమ్మట నల్లి దానికి అలవాటు పడడం, మరొక మందు రావడం. ఒక పురుగుకు కొట్టిన మందు ఖర్చు గాక, ఆ మందు తెచ్చిపెట్టిన నల్లికి మరొక ఖర్చు రైతు నెత్తిన పడినది.

దీనికి భిన్నమైన మార్గం త్రొక్కినవారు కెనడా దేశపు తూర్పు కొసన ఉన్న నోవా స్కోషియా రైతులు. అక్కడి అన్నాపొలిస్ లోయ ఆపిల్ పండ్లు ఓడలలో బ్రిటనుకు పోయేవి. రెండవ ప్రపంచ యుద్ధంతో ఆ వ్యాపారం దెబ్బతినగా, ఖర్చు తగ్గించుకోక గతి లేని స్థితి ఏర్పడినది. ఎ. డి. పికెట్ అనే కీటక శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1943 ప్రాంతం నుండి ఒక సామాన్యమైన పని చేసినారు: ఏ మందు కొడితే ఏ ప్రాణి చచ్చుచున్నది, ఏది బ్రతుకుచున్నది అని తోటలలో సంవత్సరాల తరబడి లెక్కించినారు. మచ్చతెగులుకు కొట్టే గంధకం, పొలుసు పురుగు యొక్క సహజ శత్రువులను కూడ చంపుచున్నదని వారికి తెలిసినది. గంధకం బదులు వేరొక తెగులుమందు వాడగా పొలుసు పురుగు దానంతట అది తగ్గిపోయినది. నల్లి గ్రుడ్లను వెదకి తినే ఒక జాతి తామర పురుగు కూడ వారి పట్టికలలోనికి ఎక్కినది. మిరపతోటలో తామర పురుగు పేరు చెబితే మన రైతు ఉలిక్కిపడతాడు; ఆ వంశంలో మిత్రులు కూడ కలరని తెలియడం విచిత్రంగా ఉండవచ్చును.

రేచెల్ కార్సన్ 1962లో ప్రకటించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ అనే సుప్రసిద్ధ గ్రంథంలో ఈ పికెట్ ప్రశంస ఉన్నది. ఇతర ఆపిల్ ప్రాంతాలవారు పురుగుమందులకు పెట్టే వ్యయంలో నూటికి 10 నుండి 20 వంతులతోనే నోవా స్కోషియా రైతులు మేలురకపు పండ్లు తీయుచున్నారని ఆమె వ్రాసినది. ఆ లోయ చల్లనిది, పురుగు ఒత్తిడి తక్కువ, అందరికీ ఆ మార్గం సాగదు అని ఆక్షేపించినవారు ఉన్నారు. ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. ఎండ తీవ్రమై, కాయతొలుచు పురుగు బలమైన చోట మందు పూర్తిగా మానడం సాధ్యమయ్యే పని కాదు.

ఆ ప్రశ్నకు సమాధానం మెలాండర్ ప్రశ్న పుట్టిన వాషింగ్టన్ రాష్ట్రంలోనే దొరికినది. వెనాచీ పరిశోధన కేంద్రంలో స్టాన్లీ హోయిట్ 1960 దశకంలో గమనించినది ఏమనగా, తట్టుకొనే శక్తి నల్లికే కాదు, నల్లిని తినే నల్లికి కూడ వచ్చినది! ఏండ్ల తరబడి ఒకే జాతి మందు కొట్టగా, ఆ మందుకు చావని భక్షక నల్లులు తోటలలో తయారైనవి. కాయపురుగుకు ఆ మందునే తక్కువ మోతాదులో కొట్టి, నల్లిమందు మానితే, భక్షక నల్లి పని తాను చేసుకుపోతుంది. ఆ ప్రాంతంలో బాధించినది మెక్‌డేనియల్ నల్లి అనే వేరొక జాతి. సూత్రం మాత్రం ఒక్కటే.

హోయిట్ చెప్పిన దానిలో నాకు మిక్కిలి నచ్చినది ఋతువు ఆరంభానికి సంబంధించిన ఒక చిన్న విషయం. ఆపిల్ ఆకుపై త్రుప్పునల్లి అనే మరొకటి ఉంటుంది. కంటికి అసలే ఆనదు. చెట్టుకు చేసే హాని స్వల్పం. వసంతంలో పెద్దనల్లి ఇంకా పెరగక ముందు భక్షక నల్లి ఈ త్రుప్పునల్లిని తిని బ్రతుకుతుంది. తోట శుభ్రంగా ఉండవలెనని తొందరపడి రైతు ఆ త్రుప్పునల్లిని తుడిచివేస్తే, కావలివానికి తిండి లేక తోట విడిచిపోతాడు. నెల తిరిగేసరికి దొంగ వస్తాడు. కనుక కొద్దిపాటి చీడను చూచి ఓర్చుకోవలసిన కాలం ఒకటి ఉన్నది. 1969లో హోయిట్ ఈ ఫలితాలను ప్రకటించినాడు. అచ్చటి రైతులు ఎన్నో సంవత్సరాలు ఆ పద్ధతి పాటించి నల్లిమందు ఖర్చు మిగుల్చుకొన్నారు.

మరి ఋతువు ఆరంభంలో రైతు చేతులు కట్టుకొని కూర్చోవలెనా? కూర్చోనక్కర లేదు. శుద్ధి చేసిన ఖనిజతైలం ఇక్కడ అక్కరకు వచ్చినది. తారునూనె వలె గాక ఇది నల్లిగ్రుడ్డుపై పలుచని పొరగా పరచుకొని ఊపిరి సలపకుండ చేస్తుంది. నడిశీతకాలంలో గ్రుడ్డు గాఢనిద్రలో ఉంటుంది. దానికి ఊపిరి అవసరం అత్యల్పం. పగులబోయే రోజులలో లోపలి పిల్ల వేగంగా ఎదుగుతూ గాలి కోరుతుంది. అప్పుడు కొట్టిన నూనె తక్కువ పాళ్లలోనే ఎక్కువ పని చేస్తుంది. న్యూయార్క్ రాష్ట్రపు జెనీవా కేంద్రంలో పి. జె. చాప్‌మన్, ఆయన సహచరులు దశాబ్దాల పాటు ఈ విషయం శోధించినారు. మొగ్గ కొన వెండిరంగు తిరుగుట, పచ్చకొన వచ్చుట, అర అంగుళం ఆకు తొంగిచూచుట, పూమొగ్గలు గుత్తిగా బిగిసి ఉండుట, గులాబి దశ, పూత, రేకులు రాలుట అని మొగ్గ పెరుగుదలను మెట్లుగా విడదీసి బొమ్మలతో సహా స్థిరపరచిన కృషిలో ఆయనకు పెద్ద పాలు ఉన్నది. అప్పటి నుండి తోటపనికి పంచాంగం గోడమీది తేదీ కాదు, కొమ్మమీది మొగ్గ.

అర అంగుళం ఆకు దశలో నూటికి 2 పాళ్లు, గుత్తి దశకు వచ్చిన తరువాత ఒక పాలు చాలునని సాధారణ నియమం. ఆకులు ఇంకా విప్పారలేదు కనుక భక్షక నల్లులు చాలా వరకు బెరడు సందులలోనే ఉంటవి. వాటికి నష్టం తక్కువ. నూనె ఎండిన పిమ్మట విషం మిగలదు. పొలుసు పురుగుకు కూడ ఇది పని చేస్తుంది. నూనెకు తట్టుకొనే నల్లిజాతి తలయెత్తి రైతును ఓడించిన దాఖలా నేను చదివిన వాటిలో లేదు; ఊపిరి ఆడకపోవడానికి అలవాటు పడడం అంత తేలిక కాదు గదా. అయితే దీనికీ పట్టింపులు ఉన్నవి. మంచు గడ్డకట్టే రాత్రికి ముందో వెనుకనో కొడితే లేత ఆకు మాడుతుంది. గంధకపు మందుకు దగ్గరగా కొట్టరాదు. కొమ్మ నలువైపుల తడవవలె. తడవని చోట గ్రుడ్డు బ్రతికే ఉంటుంది. పొడిమందు విసరినట్లు దూరం నుండి కొట్టిపోయేవానికి నూనె ఫలితమివ్వదు. నూనె పని చేయదని నిందించేవారిలో కొందరు ఈ కోవలోనివారని అనుభవజ్ఞులు చెబుతారు.

మన దేశంలో ఆపిల్ చరిత్ర మరీ పాతది కాదు. కులు లోయలో 1870లో కెప్టెన్ ఆర్. సి. లీ బంద్రోల్ వద్ద తోట వేసినాడు. సిమ్లాకు ఆవల కోట్‌గఢ్‌లో ఫిలడెల్ఫియా నుండి వచ్చి స్థిరపడిన సామ్యూల్ స్టోక్స్, అమెరికా నుండి డెలిషస్ జాతి మొక్కలు తెప్పించి 1916లో నాటినాడు. ఆయన తరువాత సహాయనిరాకరణోద్యమంలో జైలుకు పోయినాడు, 1932లో హిందూమతం స్వీకరించి సత్యానంద్ అయినాడు. ఆ మొక్కల సంతానమే నేడు హైదరాబాదు, విజయవాడ బజారులలో సిమ్లా ఆపిల్ అని మనం కొనే పండులో చాలా భాగం. మొక్కల వెంట చీడలు కూడ వచ్చినవి. దూదిపేను, శాన్ హోసే పొలుసు పురుగు కాశ్మీరునూ హిమాచలాన్నీ బాధించినవి. వాటిపై విడుచుటకు విదేశాల నుండి చిన్న పరాన్నజీవి కందిరీగలను తెప్పించినారు. దూదిపేనును పట్టే కందిరీగ బాగా నిలద్రొక్కుకొన్నది. ఎర్రనల్లి మాత్రం హిమాచలంలో ఆలస్యంగా, ఇటీవలి కొన్ని దశాబ్దాలలో సమస్య అయినది. తోటలలో పురుగుమందుల వాడకం పెరిగిన కాలమే అది.

ఇదంతా కొండల మీది పండు సంగతి, మనకెందుకు అని తెలుగు రైతు అనుకొనవచ్చును. 1980 దశకంలో గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి చేలలో ఏమి జరిగినదో జ్ఞాపకమున్న పెద్దలు ఇంకా ఉన్నారు. కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందులను కాయతొలుచు పురుగుపై మితిమీరి కొట్టినారు. అంతకు ముందు లెక్కలోనిది కాని తెల్లదోమ విజృంభించినది. మందు మీద మందు అప్పు మీద తెచ్చి కొట్టినారు. పంట పోయినది, అప్పు నిలిచినది. 1987, 88లో ప్రకాశం జిల్లాలో ప్రత్తిరైతులు ఆత్మహత్యలు చేసుకొన్నారు. కెంట్ తోటల సంగతి 1929లోనే అచ్చయినది. అది ఆంగ్లంలో ఉన్నది, మా చేలకు రాలేదు అని ఒక వృద్ధ రైతు ఒకసారి మా స్టూడియోలో అన్నప్పుడు, ప్రసారసంస్థలో ఉద్యోగం చేసే నాకు ఆ మాట సూటిగా తగిలినది.

కోట్‌గఢ్ వైపు తోటలలో ఇప్పుడు మార్చి చివర నూనె పిచికారీ పరిపాటి. 200 లీటర్ల డ్రమ్ముకు 4 లీటర్ల నూనె. కొట్టే ముందు కొమ్మ కోసి భూతద్దంలో చూచేవారు చూస్తారు, చూడనివారు పొరుగువానిని చూచి కొడతారు. గులాబి దశ రాగానే పని ఆగుతుంది. పూత విచ్చే వారంలో అద్దెకు తెచ్చిన తేనెటీగల పెట్టెలు తోటలో దించుతారు. అవి ఉన్నన్ని దినాలు పిచికారీ గొట్టం చుట్టచుట్టి పాకలో పడి ఉంటుంది. రేకులు రాలి పెట్టెలు వెళ్లిపోయిన తరువాత యజమాని మళ్లీ భూతద్దం తీసుకొని ఆకులు త్రిప్పి చూడడం మొదలుపెడతాడు. ఈసారి ఎర్రవానినే కాదు, వానిని తినే పాలిపోయిన రంగు చిన్నవానిని కూడ లెక్కపెడతాడు.